స్టాక్‌హోమ్ హోటల్లో ఏడు కోర్సుల నార్డిక్ డిన్నర్: గుడ్డు కూడా తినని మనిషి ఉంటే ముందుగా ఏం చెప్పాలి?

"అక్టోబర్ మూడో వారంలో స్టాక్‌హోమ్‌లో మా కంపెనీ డిన్నర్ ఉంది. ఒక పెద్ద హోటల్లోని రెస్టారెంట్. 'మోడర్న్ నార్డిక్, ఏడు కోర్సులు' అని ఆహ్వానంలో రాశారు. భార్యాభర్తలిద్దరినీ పిలిచారు. నేను చికెన్, చేప తింటాను, బీఫ్, పోర్క్ ముట్టను. మా ఆవిడ గుడ్డు కూడా తినదు. ఏం చెప్పాలి, ఎలా తినాలి, ఆకలితో రూముకి తిరిగి రావాల్సిందేనా, పచ్చడి డబ్బా తీసుకెళ్తే బాగుంటుందా?" అని అడిగారు మీరు.

మాది కాకినాడ. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని స్టాక్‌హోమ్ వచ్చి పద్నాలుగేళ్లయింది. అప్పటి నుంచీ హోటల్ రెస్టారెంట్లలోనే పని. కిచెన్‌లో కాదు, టేబుళ్ల దగ్గర. కాబట్టి ఇది వండేవాడి మాట కాదు, ప్లేటు తెచ్చి మీ ముందు పెట్టి మీ మొహం చూసేవాడి మాట. ఈ పద్నాలుగేళ్లలో మనవాళ్ల మొహాలు చాలా చూశాను. తిండి వల్ల ఇబ్బంది పడినవాళ్లకంటే మొహమాటం వల్ల ఇబ్బంది పడినవాళ్లే ఎక్కువ. అందుకే తిండి సంగతి తర్వాత, ముందు ఆ విషయమే మాట్లాడుకుందాం.

మీ కంపెనీలో ఈ డిన్నర్ చూసుకునే మనిషికి కనీసం వారం ముందు మెయిల్ పెట్టండి. అందులో "మా భార్య వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు, పాలు, చీజ్ అన్నీ తినే మనిషి అని అర్థం. గుడ్డు తినని, పాలు తాగే శాకాహారి అన్నది వాళ్ల లెక్కలో లేని జాతి. పాలు తాగితే గుడ్డెందుకు తినరు అని వాళ్లకి నిజంగానే అర్థం కాదు. అందుకని విడివిడిగా రాయాలి. మాంసం వద్దు, చికెన్ వద్దు, చేప, రొయ్యలు వద్దు, గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, ఎముకలు మరిగించిన స్టాక్ వద్దు, చేపతో, మాంసంతో పులియబెట్టిన సాస్‌లు కూడా వద్దు. పాలు, వెన్న, మీగడ, పెరుగు పర్లేదు. ఈ చివరి వాక్యం మర్చిపోతే మీ ఆవిడకి వీగన్ ప్లేటు, అంటే పాలూ వెన్నా కూడా లేని ప్లేటు వస్తుంది. అదీ తినదగ్గదే. కానీ ఈ నార్డిక్ వంటలో, అంటే స్వీడన్, డెన్మార్క్, నార్వేలాంటి ఉత్తర దేశాల వంటలో, సగం రుచి వెన్నలో, మజ్జిగలో ఉంటుంది. అది పోగొట్టుకోవడం దేనికి?

ఈ జాబితాలో జెలటిన్ ఎందుకు అంటారేమో. నేను వచ్చిన రెండో ఏడు, అప్పట్లో పనిచేసిన ఒక హోటల్లో, గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు డిన్నర్‌కి వచ్చారు. కొడుకు బుకింగ్‌లో "వెజిటేరియన్" అని రాశాడు. ఆరు ప్లేట్లు బాగానే నడిచాయి. చివర్లో క్లౌడ్‌బెర్రీ పండుతో చేసిన మూస్ అనే నురగలాంటి తీపి పెట్టాను. క్లౌడ్‌బెర్రీ అంటే ఉత్తరాది బురద నేలల్లో దొరికే పసుపు పండు, ఇక్కడ బంగారంతో సమానం. ఆవిడ రెండు చెంచాలు తిని, "ఇది ఎలా గడ్డకట్టింది బాబూ?" అని అడిగారు. వంట తెలిసిన మనిషి కదా, చూడగానే పట్టేశారు. నేను లోపలికి వెళ్లి అడిగితే జెలటిన్ అన్నారు. అంటే పశువుల తోలూ ఎముకలూ. వచ్చి చెప్పాను. ఆవిడ చెంచా పక్కన పెట్టి "పర్లేదులే" అన్నారు. ఇంకో మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తప్పు నాది. తెలుగువాణ్ణయి ఉండి కూడా ముందే అడగలేదు. ఆ తర్వాత మన పేర్లు బుకింగ్‌లో కనిపిస్తే, నా టేబుల్ కాకపోయినా వెళ్లి ఒకసారి మెనూ చూసుకుంటాను.

మీ ఆవిడ విషయంలో గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటుందో కూడా చెప్తాను. ఈ వంటలో చిక్కటి తెల్లటి సాస్ చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, అది చాలాసార్లు గుడ్డు సొనతో చిలికినదే. ఐస్‌క్రీమ్‌లో సొన ఉంటుంది. మెత్తటి బ్రియోష్ బ్రెడ్‌లో ఉంటుంది. అన్నిటికంటే మోసం చేసేది సెలరీ దుంప. దాన్ని ఉప్పు పిండిముద్దలో మూసి ఓవెన్‌లో గంటల తరబడి మగ్గబెడతారు, అక్టోబర్‌లో ఏ మెనూ చూసినా ఉంటుంది. చూడ్డానికి పూర్తిగా దుంపే. కానీ ఆ ఉప్పు పిండిని తెల్లసొనతో కలిపే చెఫ్‌లు చాలామంది. ముందే చెప్తే నీళ్లతో కలుపుతారు, వాళ్లకి అదేం పెద్ద పని కాదు. అప్పటికప్పుడు చెప్తే ఏం చేయలేరు. ఆ దుంప మధ్యాహ్నమే ఓవెన్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పని తొందరగా అవుతుందని "అలర్జీ" అని అబద్ధం చెప్పకండి. మనవాళ్లు కొంతమంది "నాకు బీఫ్ అలర్జీ" అంటారు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం ఇక్కడ 14 అలర్జీ పదార్థాల గురించి రెస్టారెంట్ మీకు చెప్పి తీరాలి. గుడ్డు, చేప, పాలు, గోధుమలాంటివి, నువ్వులు, చివరికి ఆవాలు కూడా అందులో ఉన్నాయి. ఆవాలు అలర్జీ జాబితాలో ఉన్నాయంటే మొదట్లో నేనూ నవ్వాను. అలర్జీ అనగానే కిచెన్‌లో కత్తి మారుస్తారు, చెక్క మారుస్తారు, ఒకోసారి ఒక మనిషిని అదే పని మీద పెడతారు. గుడ్డు అలర్జీ అని అంత హడావుడి చేయించాక, పక్కవాళ్ల ప్లేటులోని ఐస్‌క్రీమ్ ఒక చెంచా రుచి చూస్తూ మీరు కనిపిస్తే, తర్వాత నిజంగా అలర్జీ ఉన్న మనిషి మాటని కూడా వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. "మేం తినం" అంటే చాలు. కారణం అడగరు. మతమా, ఇష్టమా అని ఆరా తీసే అలవాటు ఇక్కడ లేదు.

ఇక మీ సంగతి. మీకు మీ ఆవిడ కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. నవ్వకండి, నిజం. ఆవిడ ప్లేటు వేరుగా వస్తుంది, మీది అందరితో పాటు వస్తుంది. మెనూ కార్డు మీద "బీఫ్" అనే మాట మీకు కనిపించకపోవచ్చు. స్వీడిష్‌లో బీఫ్‌ని నోట్‌షోట్ అంటారు. కానీ మెనూలో ఆ పేరుతో రాదు, ముక్క పేరుతో వస్తుంది. ఊక్స్‌ఫిలే అంటే పశువు నడుం మీది మెత్తటి మాంసం. రోబిఫ్ అన్నా, టార్టార్ అన్నా సాధారణంగా పచ్చి బీఫ్‌ని సన్నగా తరిగింది, ఉడకనే ఉడకదు. కాల్వ్ అంటే దూడ, ఇంగ్లిష్ కార్డులో వీల్ అని ఉంటుంది. బీఫ్ తినని మనవాళ్లు వీల్ అంటే ఏదో కొత్త రకం మాంసం అనుకుని తినేసిన సందర్భాలు నా కళ్ల ముందే రెండున్నాయి. మ్యార్య్ అంటే మూలుగ. కొన్నిచోట్ల బ్రెడ్‌తో ఇచ్చే వెన్నలో కూడా మూలుగో, పొగబెట్టిన పశువు కొవ్వో కలుపుతారు. చేప కూర మీద పోసే గోధుమరంగు సాస్‌కి ఆధారం చాలాసార్లు దూడ ఎముకల స్టాక్. పోర్క్ అయితే ఫ్లెస్క్ అన్న మాట గుర్తుపెట్టుకోండి.

దానికి తోడు మీరు వెళ్లేది అక్టోబర్. ఇక్కడ అది వేట రోజులు. ఎల్క్ అనే పెద్ద జింకజాతి జంతువు, రెయిన్‌డీర్, అడవి పక్షులు మెనూలోకి దిగుతాయి. ఇవి బీఫ్ కాదు. స్వీడన్‌లో రెయిన్‌డీర్లని మేపే హక్కు సామీ అనే ఆదివాసీలది. ఆ మాంసం కొవ్వు తక్కువగా, కాస్త ఇనుము వాసనతో ఉంటుంది, మేక కాలేయం తినేవాళ్లకి కొత్తగా అనిపించదు. తింటారో లేదో ముందే తేల్చుకుని మెయిల్‌లో రాయండి. "బీఫ్, వీల్, పోర్క్ వద్దు, వాటి స్టాక్, కొవ్వు కూడా వద్దు. చేప, కోడి, ఎల్క్, రెయిన్‌డీర్‌లాంటి అడవి మాంసం పర్లేదు" అంటే కిచెన్‌కి ఇంకేం అనుమానం ఉండదు. మాంసాలన్నీ తలనొప్పి అనుకుంటే "చేప మాత్రమే" అనండి. నన్నడిగితే అదే మంచి దారి. ఈ దేశాల్లో చెఫ్ ప్రతిభ చూపించేది చేప దగ్గరే.

ఇప్పుడు తిండి గురించి. అసలీ "మోడర్న్ నార్డిక్" ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2003లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో క్లౌస్ మేయర్, రెనె రెడ్జెపి కలిసి ఒక పాత గోదాములో నోమా అనే రెస్టారెంట్ తెరిచారు. డేనిష్‌లో "నార్డిక్ తిండి" అనే రెండు మాటల్ని కుదిస్తే ఆ పేరు. అప్పటిదాకా ఈ దేశాల్లో ఖరీదైన హోటల్ అంటే ఫ్రెంచి వంటే. మనకి ఒకప్పుడు పెద్ద హోటల్ అంటే మొగలాయి, చైనీస్ అయినట్టే. 2004లో 12 మంది చెఫ్‌లు కూర్చుని 10 సూత్రాలతో ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మా నేలలో, మా నీళ్లలో, ఈ కాలంలో దొరికేదే వండుతాం అన్నది అందులో అసలు సంగతి. కొంతమంది దాన్ని పట్టుదలగా తీసుకుని నిమ్మకాయ మానేశారు, ఆలివ్ నూనె మానేశారు. 2010లో ప్రపంచంలోని 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో నోమాకి మొదటి స్థానం వచ్చింది. ఇక అక్కడి నుంచి మొదలైంది, ప్రతి హోటల్ మెనూ మీదా నాచు, బూడిద, అడవి పువ్వు. నిజాయితీగా చెప్పాలంటే ఇందులో సగం వేషమే. రాతి మీద బిస్కెట్ పెట్టినంత మాత్రాన నార్డిక్ అయిపోదు. అన్నట్టు ఆ రాయీ, చాలాసార్లు ఆ నాచూ అలంకారం. ఏది తినాలో వెయిటర్ చెప్తాడు, వినండి. నాచుని నమిలి, ఉమ్మలేక మింగలేక కూర్చున్న పెద్దమనిషిని ఒకరిని నేనెరుగుదును.

నిమ్మకాయ మానేస్తే పులుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ వంటని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. సీ బక్‌థార్న్ అని నారింజరంగు చిన్న పళ్లు, లింగన్ పళ్లు, రూబార్బ్ కాడలు, పండని గూస్‌బెర్రీ, వెనిగర్, పులిసిన పాలు. నోమాలో అయితే పులుపు కోసం చీమలు కూడా వాడారు, వాటిలో ఫార్మిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి. బస్తర్‌లో ఎర్రచీమల చట్నీ తినేవాళ్లు ఈ వార్త విని ఆశ్చర్యపోయి ఉండరు. మనం ఏం చేస్తాం? చింతపండు లేకపోతే మామిడికాయ, అది లేకపోతే గోంగూర, చింతచిగురు, చుక్కకూర. పులుపుకి ఇన్ని దారులు వెతుక్కున్న జాతి మనది. మనవాళ్లు ఈ టేబుల్ దగ్గర కూర్చుని కారం కోసం వెతుకుతారు. అది దొరకదు. దొరకని దాని కోసం వెతుకుతూ, నాలుక మీదే ఉన్న పులుపుని చూడరు. "చప్పగా ఉంది" అని తేల్చేస్తారు.

రెండోది ఊరబెట్టడం. ఉత్తరాన నెలల తరబడి మంచు కింద ఉండే నేల ఇది. పండింది, పట్టింది దాచుకోకపోతే చలికాలంలో చావే. ఉప్పు, పొగ, ఎండు, పులుపు, ఈ నాలుగే వాళ్ల ఫ్రిజ్. గ్రావ్‌లాక్స్ అనే మాటలో గ్రావ్ అంటే పాతిపెట్టడం, లాక్స్ అంటే సాల్మన్ చేప. పూర్వం జాలర్లు ఉప్పు పట్టించి నిజంగానే భూమిలో పాతేవాళ్లు. ఇప్పుడు ఉప్పు, చక్కెర, సోంపు ఆకులా ఉండే డిల్ ఆకు పట్టించి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి, పల్చగా కోసి, ఆవపిండి సాస్‌తో ఇస్తారు. అవును, ఆవపిండే, కాస్త తియ్యగా. హెర్రింగ్ చేపని ఊరబెట్టడానికి స్వీడిష్ ఇళ్లల్లో 1-2-3 అనే లెక్క ఉంది: ఎట్టికా అనే 12 శాతం వెనిగర్ ఒక వంతు, చక్కెర రెండు వంతులు, నీళ్లు మూడు వంతులు. కాయ ముక్కలకి ఇంత, ఆవపిండికి ఇంత, ఉప్పుకి ఇంత, కారానికి ఇంత అని మా అమ్మ సోల పెట్టి కొలిచేది నాకు గుర్తొస్తుంది. చక్కెర ఎక్కువ కాబట్టి మొదటి ముక్క మనకి వింతగా ఉంటుంది. బెల్లం ఆవకాయ తినేవాళ్లకి అంత వింతగా ఉండదు.

ఘాటు అసలే లేదనుకోకండి. హార్స్‌రాడిష్ అనే వేరుని తురిమి పైన చల్లుతారు. అది నాలుక మీద మండదు, ముక్కులోకి ఎక్కుతుంది. ఆవపెట్టిన అరటికాయ కూర తిన్నప్పుడు ముక్కుకి తగిలే ఘాటు ఉందే, అదే. పోలిక కోసం చెప్పడం లేదు, ఆవపిండిలోనూ ఆ వేరులోనూ ఘాటు పుట్టించే రసాయనం ఒకటే. తెల్లటి సాస్ మీద ఆకుపచ్చ నూనె చుక్కలు తేలుతూ వస్తే అది మజ్జిగ, డిల్ నూనె. చెంచాతో తాగి చూడండి. పోపు పెట్టడం మర్చిపోయిన మజ్జిగ చారులా ఉంటుంది. మా అసిస్టెంట్ చెఫ్ దగ్గర ఒకసారి ఈ మాటే అంటే వాడికి కోపం వచ్చింది. మర్నాడు మా ఇంటికి పిలిచి పోపు పెట్టిన మజ్జిగ చారు పోశాను. రెండు గ్లాసులు తాగాడు. మెనూ మాత్రం మార్చలేదు.

గారమ్ అని ఇంకో మాట వినిపిస్తుంది. ముద్దు చేయడం కాదు లెండి. చేపనో మాంసాన్నో ఉప్పుతో నెలల తరబడి పులియబెట్టి తీసిన రసం. రెండు చుక్కలు వేస్తే దుంప కూడా మాంసం రుచి వస్తుంది, అందుకే కూరగాయల ప్లేట్ల మీద దీన్ని వాడతారు. మీ ఆవిడకి సంబంధించి మెయిల్‌లో "చేపతో, మాంసంతో పులియబెట్టిన సాస్‌లు కూడా వద్దు" అని రాయమన్నది ఇందుకే. పుట్టగొడుగులతో, బఠాణీలతో చేసిన గారమ్ కూడా ఉంటుంది, అది వాడితే ఏ ఇబ్బందీ లేదు.

శాకాహారికి ఇక్కడ ఏముంటుంది అని దిగులు పడేవాళ్లకి ఒక సంగతి. స్టాక్‌హోమ్‌లో 1874లో మొదలైన గ్రాండ్ హోటల్ ఉంది, 1901లో మొదటి నోబెల్ విందు జరిగింది అక్కడే. ఆ హోటల్లో మథియాస్ డాల్‌గ్రెన్ అనే చెఫ్ 2007లో రెస్టారెంట్ పెట్టారు. 1997లో బొకూస్ దోర్ అనే అంతర్జాతీయ వంటల పోటీలో బంగారు పతకం గెలిచిన మనిషి. మంచి రెస్టారెంట్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్లు రెండు తెచ్చుకున్న ఆ భోజనశాలని మూసేసి, అదే చోట 2017లో రూటాబాగా అనే పూర్తి శాకాహార రెస్టారెంట్ తెరిచారు. గుడ్డు, పాలు ఉండేవి, మాంసం, చేప లేవు. పేరేమో పేదవాళ్లు తినే ఒక దుంపది. కోపెన్‌హాగెన్‌లో మూడు స్టార్ల గెరానియం అనే రెస్టారెంట్ 2022 జనవరి నుంచి మాంసం మానేసింది, చేప మాత్రం ఉంచింది. కాబట్టి ఇక్కడి మంచి చెఫ్‌కి కూరగాయల ప్లేటు చేయమంటే చిన్నతనం కాదు. రెస్టారెంట్లు మారిపోతుంటాయి, మీరు వెళ్లేసరికి ఏది ఎలా ఉందో చూసుకోండి.

చిక్కల్లా కంపెనీ విందులతో. నలభై, యాభై మందికి ఒకేసారి ప్లేట్లు వెళ్లాలి కాబట్టి కిచెన్ ఉన్నంతలో సులువు దారి చూస్తుంది. శాకాహారం అనగానే పుట్టగొడుగుల రిసొట్టో పెట్టేస్తారు, అది ఇటలీ వంట, నార్డిక్ కాదు. మీ మెయిల్‌లోనే మర్యాదగా "రెస్టారెంట్ మెనూలోని శాకాహార ప్లేట్లే ఇవ్వగలరా" అని అడగండి. ఈ ఒక్క వాక్యంతో ఆవిడ రాత్రి మారిపోతుంది. అక్టోబర్‌లో సెలరీ దుంప, బీట్‌రూట్, జెరూసలేం ఆర్టిచోక్ అనే అల్లంలా కనిపించే దుంప, అంచులు మాడ్చిన క్యాబేజీ, అడవి నుంచి ఏరుకొచ్చిన గరాటు ఆకారపు పుట్టగొడుగులు, యాపిల్, లింగన్. ఎవరి అడవైనా వెళ్లి పళ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చన్న ఆచారం స్వీడన్‌లో ఉంది, వేలం పాట లేదు, కావలివాడు లేడు. చీజ్ వచ్చినప్పుడు మాత్రం ఆవిడకి పట్టింపు ఉంటే అడగండి, చాలా గట్టి చీజ్‌ల్లో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది.

అన్నట్టు, మొదటిసారి ఈ తిండి తినేవాళ్లకి స్టార్ల రెస్టారెంట్ కంటే హోటల్ రెస్టారెంటే నయమని నా అభిప్రాయం. హోటల్‌కి రోజూ పది దేశాలవాళ్లు వస్తారు. ఎవరేం తినరో రాసుకునే పద్ధతి వాళ్లకి అలవాటు. ధైర్యం తక్కువ ఉంటుంది, చీమలూ గీమలూ పెట్టరు. మీకు కావాల్సింది అదే.

ఆ రోజు ఎలా ఉంటుందో త్వరగా చెప్పేస్తాను. ఏడు గంటలంటే ఏడే, ఏడూ పది కాదు. సూట్ ఉంటే వేసుకోండి, టై అక్కర్లేదు. మీ ఆవిడ పట్టుచీర కట్టుకుంటే అందరికంటే బాగుంటారు, పైన మంచి కోటు ఉండాలి. అక్టోబర్‌లో సాయంత్రం అయిదారు డిగ్రీలకి పడిపోతుంది, వాన కూడా. కోటు గుమ్మం దగ్గరే తీసుకుంటారు. కూర్చోగానే, వచ్చిన వెయిటర్‌కి మెయిల్‌లో రాసిందే ఇంకోసారి చెప్పండి. చెప్పిందే చెప్పడం ఏమిటని మొహమాటపడొద్దు, చీటీ మీద ఉన్నది మా బుర్రలో ఉండదు ఒకోసారి. ప్లేటు పెట్టినప్పుడు అందులో ఏముందో చెప్తారు. అర్థం కాకపోతే ఆపి అడగండి. తల ఊపేసి, మేం వెళ్లాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం వద్దు.

మొదట వచ్చే చిన్న చిన్న ముక్కలకి చెంచా, ఫోర్క్ ఇవ్వరు, చేత్తో తినమనే. అందులో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. "స్కోల్" అని గ్లాసు ఎత్తుతారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి, తాగి, గ్లాసు దించేముందు మళ్లీ కళ్లలోకి చూడాలి. మంచినీళ్ల గ్లాసుతో చేసినా తప్పులేదు. మందు తాగకపోతే ఆల్కహాల్ లేని పానీయాల జత ఉందేమో అడగండి. యాపిల్, సీ బక్‌థార్న్, పులియబెట్టిన టీలాంటివి ఒక్కో ప్లేటుకి ఒక్కోటి ఇస్తారు, వైన్ కంటే ఇవే ఆసక్తిగా ఉంటాయని తాగే నేనే చెప్తున్నాను. తాగనివాళ్లు ఒకటి గమనించండి, సాస్‌ల్లో, తీపి వంటల్లో వైన్ పోస్తారు, అక్కర్లేదనుకుంటే అదీ రాయాలి. బిల్లు కంపెనీది కాబట్టి టిప్పు గొడవ మీకు లేదు. ఎప్పుడైనా సొంతంగా వెళ్తే, మెనూ ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు. కార్డు మెషీన్ అడుగుతుంది, సున్నా కొట్టినా ఎవరూ ఏమనుకోరు, నచ్చితే అయిదో పదో శాతం.

ఆకలి సంగతి. ఏడు ప్లేట్లు చూడ్డానికి చిన్నవే, కానీ మూడు, మూడున్నర గంటలు కూర్చుంటారు. వెన్న, మీగడ లెక్కేస్తే తక్కువ తిండేం కాదు. ఆకలి తీర్చేది మాత్రం బ్రెడ్. రెండో మూడో ప్లేటుగా పులిసిన పిండి బ్రెడ్, రై గింజల గట్టి అప్పడంలాంటి క్నెకెబ్రోద్, నురగలా చిలికిన వెన్న వస్తాయి. మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తారు, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. అన్నం లేని రాత్రి మనవాణ్ణి కాపాడేది అదే. అయిదు గంటలకి రూములో ఓ అరటిపండు తిని బయల్దేరండి, అంతే. భోజనం మానేసి మాత్రం వెళ్లొద్దు. మధ్యాహ్నం మానేసి వచ్చినవాళ్లు రెండో ప్లేటు దగ్గరే చిరాకు పడతారు, అక్కడి నుంచి ఏం పెట్టినా నచ్చదు.

చివరిది, పచ్చడి డబ్బా. టేబుల్ మీదకి వద్దు. చెఫ్ ఏమనుకుంటాడని కాదు, ఆవకాయ ఒక్కసారి నాలుక మీద పడ్డాక మిగతా ఆరు ప్లేట్ల పులుపు మీకు తెలియదు. తెచ్చుకోండి, కానీ రూములో ఉంచండి. హోటల్ దగ్గర ఏ చిన్న కొట్టులోనైనా క్నెకెబ్రోద్ పొట్లం, ఉప్పు వెన్న దొరుకుతాయి. డిన్నర్ నుంచి వచ్చాక, రాత్రి పదకొండింటికి ఇంకా ఏదో వెలితిగా అనిపిస్తే, ఆ గట్టి బ్రెడ్ మీద వెన్న మందంగా రాసి, పైన ఆవకాయ గుజ్జు పల్చగా పులమండి. ముక్క వద్దు, గుజ్జే. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఈ పద్నాలుగేళ్లూ నేను తింటున్నది అదే.